ముప్పై ఆరో నిమిషం

కంప్యూటరు తెర మీద ఆ ధ్వని గీత చీమలు నడిచిన దారిలా సన్నగా ఉంది. అంతకుముందు ఫ్యాక్టరీ మీటింగులో మేనేజరు ప్రసంగం ఉన్నచోట అదే గీత కొండలు కొండలుగా లేచి పైఅంచును తాకుతోంది, ఆ తర్వాత చప్పట్లు ఉన్నచోట మళ్ళీ కొండలే, మధ్యలో ముప్పై ఆరో నిమిషంలో మాత్రం పందొమ్మిది సెకన్ల పాటు ఈ పల్లం. ఆ పల్లంలో బావ లేచి నిలబడి మాట్లాడాడు. మాట్లాడాడనే అక్క అంటుంది. మాట్లాడాను అని బావ మొదటివారం అన్నాడు, రెండోవారం మాట్లాడినట్టే గుర్తు అన్నాడు, నిన్న సాయంత్రం గోడకేసి చూస్తూ "ఏమో చిన్నీ, ఇంట్లో అనుకున్న మాటని అక్కడ అన్నాననుకుంటున్నానేమో" అన్నాడు. ఆ మాట విన్నాకే చిన్ని ఈ ఉదయం ఏడింటికి రోజూలాగే స్టూడియో తలుపు తెరిచి, రోజూలాగే ఊడ్చి, మూడు వారాలుగా యజమాని "అదెప్పుడో చెరిపేశాం" అంటూ వచ్చిన డిస్కుని బీరువా పైఅరలోంచి తీసి సంచిలో వేసుకుని వచ్చేసింది. రేపట్నుంచి ఆ తాళంచెవి తన దగ్గర ఉండదు. ఉండకపోతే పోయె. ఇప్పుడు తొమ్మిదీ ఐదు. పదింటికి బయల్దేరితే గానీ లిఫ్టు ప్రమాదం మీద పదకొండింటికి పెట్టిన విచారణకి అందుకోలేరు. బావ చంకకర్రల మీద రెండంతస్తులు దిగాలి, దిగడానికే పావుగంట.

వాల్యూం గీతని పట్టుకుని పైకి లాగింది. ఆరు డెసిబెల్స్. హెడ్‌ఫోన్లలో ఏదో కదిలింది, పక్కగదిలో ఎవరో బట్టలు మడతపెడుతున్నట్టు. పన్నెండు. ఇప్పుడు ఫ్యాన్లు వినపడుతున్నాయి, కటింగ్ హాలు పైకప్పుకి వేలాడే ఆ పెద్ద ఫ్యాన్లు ఆరూ ఒకేసారి తిరిగే హోరు. దాని వెనక కుర్చీ కాలు నేలమీద గీరిన చప్పుడు. ఆ కుర్చీ బావదే అయ్యుండాలి, లేచేముందు కుర్చీని వెనక్కి జరపడం ఆయనకి అలవాటు, ఇంట్లో కూడా అంతే, లేస్తే ఎవరి కాళ్ళకి అడ్డమవుతానో అన్నట్టు. పద్దెనిమిది. ఎవరో దగ్గారు. ఫ్యాన్లు తుఫానుగాలి అయిపోయాయి. ఆ గాలిలో, ఎక్కడో చివర, మనిషి గొంతు. మాట కాదు ఇంకా, గొంతు. అయినా ఆమె చెయ్యి మౌసు మీద బిగుసుకుంది. ఉన్నాడు. లేచాడు. అక్కా, లేచాడే, అని కేకవేయబోయి ఆగింది. లేస్తే ఏమైంది, లేవలేదని ఎవరన్నారు? కంపెనీ వాళ్ళు కూడా లేచాడనే రాసిచ్చారు. సరుకుల లిఫ్టు నడిపే మనిషి ఆ రోజు భద్రత మీటింగులో లేచి మూడో అంతస్తు క్యాంటీనులో ఫ్యాను తిరగడం లేదని అడిగాడు, లిఫ్టు ఊసు ఎత్తలేదు, తన అజాగ్రత్త వల్లే ప్రమాదం జరిగింది, అని అచ్చువేసిన కాగితం మీద. యూనియన్ సెక్రటరీ ఆ కాగితం చదివి వినిపించి, "నీ దగ్గర వీడియో ఉంటే ఆ ఒక్క మాట వినిపించమ్మా. బ్రేకు అన్నాడా, ఫ్యాను అన్నాడా, అంతే. ఆ మాట వినపడకపోతే మిగతాదంతా వినిపించినా లాభం లేదు" అన్నాడు.

బ్రేకు, ఫ్యాను. రెండూ రెండక్షరాల మాటలే. మూడో అంతస్తులో క్యాంటీనూ ఉంది, ప్యాకింగూ ఉంది. ఆయన గొంతు ఏనాడైనా ఎవరికైనా సరిగ్గా వినపడితే కదా. నోట్లో నాలుక లేని మనిషి అంటారు గానీ ఆయనకి నాలుక ఉంది, మాటలూ ఉన్నాయి, వాటిని బయటికి తోసే గాలే లేదు. అమ్మ పోయాక తను పద్నాలుగేళ్ళ వయసులో ఒక ట్రంకు పెట్టెతో ఈ ఇంటికి వచ్చిన మొదటిరోజు ఆయన గుమ్మంలో నిలబడి ఏదో అన్నాడు, ఆమెకి వినపడలేదు, మళ్ళీ అన్నాడు, మళ్ళీ వినపడలేదు, మూడోసారికి అక్క లోపల్నుంచి "ఆ గది నీదేనట, తలుపుకి గడియ బిగించారట" అని అరిచి చెప్పింది. ఆడపిల్ల ఉండబోతోందని ఆయనే వెళ్ళి గడియ కొనుక్కొచ్చి బిగించాడు. అది మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. వినపడకపోవడం గురించే చెప్పింది, నవ్వుతూ, నవ్విస్తూ, స్కూల్లో, పెళ్ళిళ్ళలో, చుట్టాలొచ్చినప్పుడు. బావ ఫోన్ చేస్తే అవతలివాళ్ళు రాంగ్ నంబరని పెట్టేస్తారు. బావ బస్సు ఆపమంటే కండక్టరు రెండు స్టాపులు దాటాక "ఎవరో ఏదో అన్నారే" అంటాడు. ఆయనా నవ్వేవాడు, చప్పుడు లేకుండా. ఈ వీడియో పని ఇప్పించింది కూడా ఆయనే. మా మరదలు బాగా తీస్తుందండీ అని మేనేజరుతో అనడానికి రెండు రోజులు అద్దం ముందు సాధన చేశాడని అక్క చెప్పింది. అది కూడా తను ఒక జోకు చేసుకుంది.

ఇరవై నాలుగు. ఇక ఇంతకంటే పెంచితే చిరిగిపోతుంది. సన్నగొంతుని పెద్దది చెయ్యడమంటే దాని చుట్టూ ఉన్న ప్రతిదాన్నీ పెద్దది చెయ్యడమే, ఆ సంగతి ఈ పని నేర్చుకున్న మొదటివారంలోనే తెలుస్తుంది. అందుకని ఫ్యాన్ల హోరుని విడిగా పట్టి తగ్గించే ఫిల్టరు వేసింది. హోరు తగ్గింది, గొంతు నీళ్ళలో మునిగినట్టయింది. కొంచెం వెనక్కి తగ్గించింది. అడుగున ఉన్న బరువు చప్పుళ్ళని కోసేసి, మనుషుల మాటలు ఉండే మధ్యభాగాన్ని ఎత్తింది. మళ్ళీ మొదట్నుంచి. కుర్చీ. దగ్గు. "అయ్యా..." అదిగో. అయ్యా. ఆయనే. "అయ్యా... మూడో అంతస్తు..." ఆ తర్వాత మాట రావాలి, రావలసిన చోట ఠపీమని ఏదో పడింది, బుస్, స్, స్ అంటూ, చెవి పక్కనే పాము బుసకొట్టినట్టు. ఉలిక్కిపడి హెడ్‌ఫోన్లు పీకేసింది.

ఎవరో గుసగుసలాడుతున్నారు. కెమెరా పక్కనే ఉన్నారు ఎవరో. గట్టిగా మాట్లాడితే అయినా తీసేయొచ్చు, గుసగుస పాడుది, గాలి అంతా మైకులోకే పోతుంది. ఆయన ముప్పై అడుగుల దూరంలో చివరి వరసలో నిలబడి మాట్లాడుతున్నాడు, ఈ మనిషి మైకుకి మూరెడు దూరంలో. ఎవరిదీ నోరు? ఆ మీటింగులో ముందు వరసల్లో కూర్చున్న ఆఫీసు ఆడవాళ్ళలో ఎవరో, మేనేజరు మాట్లాడినంతసేపూ చేతులు కట్టుకు కూర్చుని, లిఫ్టువాడు లేవగానే ముచ్చట్లు మొదలుపెట్టిన మహాతల్లి ఎవరో. నీ నోరు పడిపోను, పందొమ్మిది సెకన్లు ఆగలేకపోయావా? ఒక మనిషి పదిహేడేళ్ళ ఉద్యోగంలో ఒక్కసారి లేచాడు, ఒక్కసారి. ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి కోపంతో. హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఆ గుసగుసని కోసి పక్కన పెట్టాలంటే అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ముందు చూసుకోవాలి. దాన్నే వింది ఈసారి, బావని వదిలేసి.

"అదిగో, మా బావ లేచాడు."

చెయ్యి మౌసు మీదనుంచి జారి ఒళ్ళో పడింది. తెర మీద గీత తనపాటికి తాను నడుస్తూనే ఉంది. "ఇక ఎవరికీ ఏమీ వినపడదు, హాయిగా ఓ కునుకు తీయొచ్చు. ఆయన మాట్లాడితే దోమలు కూడా 'ఏంటీ, ఏంటీ' అంటాయి." తర్వాత నవ్వు, మగమనిషిది, కిసుక్కున మొదలై ఆపుకోలేక తుళ్ళిన నవ్వు, పక్కన నిలబడ్డ స్టోర్‌కీపరుది. దానితో కలిసిన ఇంకో నవ్వు. అందులోంచి బయటపడేసరికి చివరి వరసలో బావ "...అంతేనండి" అంటున్నాడు. మేనేజరు గొంతు, దాన్ని పెంచక్కర్లేదు, గంటలా ఉంది: "సరే, సరే, చూద్దాం. ఇంకెవరైనా?"

గుర్తు లేదు. ఒట్టు, గుర్తు లేదు. ఆ రోజు ఏం చేసిందో అన్నీ గుర్తున్నాయి, కెమెరా స్టాండుకి ఒక కాలు పొట్టిదైతే దాని కింద అట్టముక్క మడిచి పెట్టడం, మేనేజరు చొక్కాకి చిన్న మైకు తగిలిస్తుంటే ఆయన గడ్డం పైకెత్తడం, ప్రసంగం అవగానే ఆ మైకుని ఆయన విప్పి జేబులో వేసుకోవడం. దానిలో ఆ తర్వాత అంతా గుడ్డ రాపిడే, ఇందాకే చూసింది. ఇది మాత్రం గుర్తు లేదు. ఉండాల్సిన మాటా ఇది? రోజుకి పది అంటుంది ఇలాంటివి. ఆ సాయంత్రమే స్టూడియోలో కూర్చుని నాలుగు నిమిషాల వీడియో కట్ చేస్తూ ఇదే ముప్పై ఆరో నిమిషం దగ్గరికి వచ్చింది, గీత సన్నగా ఉంది, వినపడని ముక్క ఎవరికి కావాలని ఒక్క మీట నొక్కి తీసేసి ప్రసంగం చివరని చప్పట్లకి అతికించింది. అతుకు కనపడకుండా వచ్చిందని యజమాని మెచ్చుకున్నాడు. అది గుర్తుంది. ఆ రాత్రి అన్నం దగ్గర బావ అక్కతో "చెప్పేశానే" అంటే అక్క "ఏమన్నారు?" అంది, "చూద్దాం అన్నారు" అన్నాడు. తను పళ్ళెంలోంచి తల ఎత్తకుండా ఫోన్ చూసుకుంటోంది. ఏం చెప్పేశావు బావా అని ఒక్కమాట అడిగి ఉంటే ఇవాళ విచారణలో తనే సాక్షి అయ్యేది కదా, ఏ వీడియో అక్కర్లేకుండా.

తొమ్మిదిన్నర. కోసింది. గుసగుస ఉన్నచోటల్లా గీతని కిందికి గుంజి, మధ్యలో ఊపిరి తీసుకున్న సందుల్లో పైకి ఎత్తి, గుంజి, ఎత్తి, దువ్వెన పళ్ళలా చేసింది. వింటే ముక్కలు ముక్కలుగా "డో... తు... ర" అని, అంతే. మాటకి ఒళ్ళు ఎక్కడుందో అక్కడల్లా తన గొంతే కూర్చుని ఉంది. "కునుకు" కింద ఏముంది? "దోమలు" కింద ఏముంది? దోమలు అన్న దగ్గర సగం వేగానికి తగ్గించి వింది. బ్రే అన్నట్టుంది. మళ్ళీ వింటే ఫ్యా అన్నట్టుంది. మళ్ళీ వింటే తన నవ్వు. ఏది వినాలనుకుంటే అది వినపడుతోందని అర్థమై భయం వేసింది. నీటి మీద గీసినట్టుంది ఈ పని. ఎంత పెంచితే బావ అంత బయటికి వస్తాడు, బావ ఎంత బయటికి వస్తే తను అంతకు పదింతలు.

తలుపు తోసుకుని అక్క టీ తెచ్చింది. బయటికెళ్ళే బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని, ముఖానికి పౌడరు కూడా రాసుకుంది. మూడు వారాల్లో మొదటిసారి.

"అయిందా?"

"ఇంకా."

"వినపడుతోందా అసలు?"

"అయ్యా, మూడో అంతస్తు, అక్కడిదాకా వినపడుతోంది. తర్వాత గోల."

"ఎవరి గోల?"

ఆమె గ్లాసు అందుకుని నోరు కాల్చుకుంది. "జనం."

అక్క కాసేపు తెరకేసి చూసింది, కొండలూ పల్లాలూ ఆమెకేం తెలుస్తాయి. తర్వాత గొంతు తగ్గించి అంది. "ఒసేయ్, నేనొకటి అడుగుతాను, తిట్టకు. ఆయన పక్కగదిలోనే ఉన్నారుగా. ఇప్పుడు అదే మాట చెప్పించి, అక్కడ పెట్టెయ్యలేవూ? అబద్ధం కాదుగా. చెప్పిందేగా."

పెట్టెయ్యగలదు. ఇరవై నిమిషాల పని. ఈ గదిలో చెప్పించి, దూరం నుంచి వచ్చినట్టు చేసి, మీద ఫ్యాన్ల హోరు పరిచి, గుసగుస మీద వెయ్యకుండా పక్క సందులోకి జరిపి. పెళ్ళి వీడియోల్లో ఆశీర్వచనాలు అలా ఎన్ని అతికించలేదు. అక్క కళ్ళలోకి చూడలేక "బావని రమ్మను" అంది.

బావ వచ్చి కూర్చునేసరికి చంకకర్రలు ఎక్కడ ఆనించాలో తెలియక ఒకటి బల్లకి, ఒకటి మంచానికి ఆనించాడు. కుడికాలు కట్టుతో చాపుకుని ఉంది. అక్క చెప్పులు వెతకడానికి వెళ్ళింది. ఆమె మైకు ఆయన ముందు పెట్టి, "బావా, ఆ రోజు ఎలా అన్నావో అలాగే అను ఒకసారి. పోల్చి చూడ్డానికి" అంది. ఆయన తలూపి, గొంతు సవరించుకుని, మైకుకేసి చూశాడు. "అయ్యా, మూడో అంతస్తు దగ్గర లిఫ్టు బ్రేకు జారుతోందండి." ఆగాడు. "జారుతోంది అన్నానా, పట్టట్లేదు అన్నానా? ఉండు. అయ్యా, మూడో అంతస్తు దగ్గర బ్రేకు పట్టట్లేదు, బరువుంటే జానెడు కిందికి దిగుతోంది... జానెడు అన్నానో లేదో. మళ్ళీ అంటాను." మళ్ళీ అన్నాడు. ఈసారి మధ్యలో "దాంట్లో ఆడపిల్లలు కూడా ఎక్కుతున్నారు" అన్నాడు. అని, ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అన్నట్టు ఆమెకేసి చూశాడు. పెదవులు కదులుతున్నాయి, గొంతు లేదు.

ఆడపిల్లలు ఎక్కడం నిషేధం, సరుకుల లిఫ్టది. మెట్లెక్కలేక చాటుగా ఎక్కేవాళ్ళు. ప్యాకింగులో అందరూ పిచ్చుక అని పిలిచే ఆ అమ్మాయి ఆ రోజు మోకాలు నొప్పి అంకుల్ అందిట, బావ సరే ఎక్కమన్నాడు, డబ్బాలతో పాటు. బ్రేకు పట్టక లిఫ్టు కిందికి పడిపోయింది. బావ ఆస్పత్రిలో కళ్ళు తెరిచేసరికి ఆ అమ్మాయిని శ్మశానానికి తీసుకెళ్ళి రెండు రోజులైంది. తర్వాత ఒక పొద్దున ఆ అమ్మాయి తల్లి ఈ ఇంటికి వచ్చింది. అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఈ మంచం పక్కనే నిలబడి, "నీకు తెలుసా నాయనా, అది చెడిపోయిందని?" అని అడిగింది. బావ ఏదో అన్నాడు. ఆవిడకి వినపడలేదు. "ఏంటి నాయనా?" అంది. బావ మళ్ళీ అనలేదు. ఆ తల్లి కొంచెంసేపు ఎదురుచూసి వెళ్ళిపోయింది.

"చిన్నీ, ఇది పోల్చడానికి కాదు కదూ?" అన్నాడు బావ.

రికార్డింగు ఇంకా నడుస్తోంది, ఆయన ఊపిరి తీయడం గీతలో సన్నగా కనపడుతోంది. ఆపింది.

"వద్దులే. అసలుది వినిపించు."

"బావా, అందులో..."

"వినిపించమ్మా. లేచానో లేదో నాకు తెలియాలి."

హెడ్‌ఫోన్లు ఆమె చేతుల్లోంచి ఆయనే తీసుకున్నాడు. పెట్టుకోవడం తెలియక తిరగేసి పెట్టుకున్నాడు, ఆమె సరిచేసింది. మీట నొక్కింది. తనకి వినపడక్కర్లేదు, తెర మీద గీత నడుస్తుంటే ఎక్కడ ఏముందో తెలుసు. కుర్చీ. దగ్గు. అయ్యా. బావ ముఖంలో వెలుగు వచ్చింది, నిజంగా వచ్చింది, బడిపిల్లాడు పాసైన జాబితాలో తన నంబరు చూసుకున్నట్టు, వేలెత్తి తెరని చూపించి "నేనే" అన్నాడు, హెడ్‌ఫోన్లు ఉన్నాయి కాబట్టి గట్టిగా అన్నాడు, జన్మలో ఆయన అంత గట్టిగా మాట్లాడటం ఆమె వినలేదు. మూడో అంతస్తు. అప్పుడు గీత కొండెక్కింది. ఆ వేలు గాలిలో అలాగే ఉండిపోయింది. ఆమె నేల చూసింది. నేలమీద టీ చుక్క ఒకటి పడి ఉంది, దాన్ని కాలి బొటనవేలితో తుడిచింది, తుడిచినకొద్దీ పెద్దదైంది. తొమ్మిది సెకన్లు. ఇంత పొడుగుంటాయా తొమ్మిది సెకన్లు. అంతేనండి. సరే, సరే, చూద్దాం.

బావ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చాలాసేపు వాటి తీగని చుట్టుతూ కూర్చున్నాడు.

"స్టోర్‌కీపరు నవ్వాడే," అన్నాడు. "ఆయన నవ్వగా నేనెప్పుడూ చూడలేదు."

తిట్టు బావా, అనుకుంది ఆమె. ఒక్కసారి తిట్టు. చంకకర్ర తీసి కొట్టు. ఆయన తీగ చుట్టడం పూర్తిచేసి, చుట్టిందాన్ని జాగ్రత్తగా బల్లమీద పెట్టాడు.

"ఇది ఇవ్వొద్దులే. మీ అక్క వింటే నీతో మాట్లాడటం మానేస్తుంది. దానికి నువ్వు తప్ప పుట్టింటివాళ్ళు ఎవరున్నారు? స్పష్టంగా రాలేదని చెబుదాం."

"మరి నీ సంగతి?"

"నా సంగతా..." ఆయన కట్టుకట్టిన కాలి వైపు చూసుకున్నాడు. "ఇంకొకటి కూడా ఉంది చిన్నీ. నేను చెప్పానని తేలితే నాకు తెలుసనే కదా తేలేది. ఆ మీటింగు నుంచి ప్రమాదం దాకా తొమ్మిది రోజులు. తెలిసీ ఎక్కించుకున్నాను ఆ పిల్లని. చెప్పాను కదా, చూస్తారు కదా అనుకున్నాను. చెప్పేశాక నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ అడిగినప్పుడు తెలుసమ్మా అన్నాను, ఆవిడకి వినపడలేదు. మళ్ళీ అనడానికి నోరు రాలేదు."

ఆ మాటలన్నీ ఆమెకి ఒక్కటి పోకుండా వినపడ్డాయి. ఆయన ఎప్పుడూ మాట్లాడేటంత నెమ్మదిగానే మాట్లాడాడు. దగ్గరగా కూర్చుని, నోరు మూసుకుని ఉంటే ఆయన మాట వినపడుతుందని, ఇన్నేళ్ళలో ఎప్పుడూ వినపడుతూనే ఉందని, జోకులు వేసిన ప్రతిసారీ మాట అర్థమయ్యాకే వేసిందని అప్పుడు తెలిసింది ఆమెకి. స్పష్టంగా రాలేదని చెబుదాం. ఆ మాట అనగానే లోపల ఏదో బరువు దిగి, హమ్మయ్య అనిపించింది కూడా, దాచుకోవడమెందుకు, అనిపించింది, ఒక ఊపిరంతసేపు. ఈ ముక్క తీసేయొచ్చు, మళ్ళీ. ఒక్క మీట. అతుకు కనపడకుండా చెయ్యడం తనకి బాగా వచ్చు. ఆయన మంచితనాన్ని అడ్డం పెట్టుకుని మొత్తం బతుకంతా బతికేయొచ్చు, ఆయన ఏనాడూ ఎవరికీ చెప్పడు, చెప్పినా ఎవరికి వినపడుతుంది గనక. ఈ జోకు కూడా తనంతట తానే వచ్చి నాలుక చివర నిలబడింది. ఆమెకి తన నోటి మీద అసహ్యం పుట్టింది. ఇచ్చినా ఆయన గట్టెక్కడు, ఆ ఒక్క మాటే లేదు అందులో, అధికారి రెండుసార్లు విని అస్పష్టం అని రాసుకుంటాడు, కంపెనీవాళ్ళు ఫ్యాను అంటారు. ఇవ్వకపోయినా ఆయన గట్టెక్కడు. రెండు దారులూ ఒకే గోతిలోకి పోతున్నాయి.

"ఏవండీ, పదవుతోంది," అంటూ అక్క వచ్చింది, చేతిలో బావ ఎడమకాలి చెప్పు. "అయిందా చిన్నీ?"

బావ ఆమెకేసి చూసి తల అడ్డంగా ఊపాడు, చిన్నగా, అక్కకి కనపడకుండా.

ఆమె హెడ్‌ఫోన్ల తీగ పట్టుకుని కంప్యూటరులోంచి లాగేసింది. స్పీకరు గరగరమంది. దువ్వెన పళ్ళలా కోసినదంతా వెనక్కి తిప్పి, ఎక్కడిదక్కడ ఉంచి, మొత్తాన్ని ఇరవై నాలుగుకి ఎత్తి, మీట నొక్కింది. గదినిండా ఫ్యాన్ల హోరు. కుర్చీ. దగ్గు. "అయ్యా... మూడో అంతస్తు..." అక్క చేతిలో చెప్పు అలాగే ఉంది. "అదిగో, మా బావ లేచాడు. ఇక ఎవరికీ ఏమీ వినపడదు..." స్పీకర్లో గుసగుస పగిలిపోయి, గచ్చుమీద రేకు ఈడ్చినట్టు గదంతా తిరిగింది. నవ్వు. రెండో నవ్వు. అంతేనండి. సరే, సరే.

ఆగిపోయింది. కింద వీధిలో ఎవరో మోటారుసైకిలు స్టార్టు చెయ్యడానికి తన్నుతున్నారు, తన్నుతున్నారు, అది అంటుకోవడం లేదు.

"మళ్ళీ పెట్టు," అంది అక్క.

పెట్టింది. రెండోసారి వింటున్నంతసేపూ అక్క మొగుడి ముఖమే చూసింది. అయిపోయాక వంగి, నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని, చెప్పుని ఆయన ఎడమపాదానికి తొడిగింది. "లేచారు," అంది. "నిజంగానే లేచారు. రెండువారాలుగా నేనూ నమ్మట్లేదండీ. మీరు లేచి ఉండరనే అనుకుంటున్నాను. మీ గురించి నాకు తెలుసుగా అనుకున్నాను." బావ అక్క తలమీద చెయ్యి వేశాడు. ఏదో అన్నాడు. అక్క తలూపింది. బల్లదగ్గర కూర్చున్న ఆమెకి ఆ మాట వినపడింది, కానీ అది తన కోసం అన్నది కాదని మొదటిసారిగా తెర వైపు తిరిగి కూర్చుంది. ఫైలుని పెన్‌డ్రైవులోకి ఎక్కిస్తుంటే ఆకుపచ్చ పట్టీ కొద్దికొద్దిగా నిండుతోంది. నిండాక తీసి, రెండుచేతులతో పట్టుకుని అక్కకి ఇవ్వబోయింది.

అక్క తీసుకోలేదు. బావకి భుజం ఆసరా ఇచ్చి లేపి, చంకకర్రలు రెండూ అందించి, తలుపుదాకా నడిపించింది. అక్కడ ఆగింది. వెనక్కి తిరగకుండానే అంది, కోపం లేదు ఆ గొంతులో, ఏమీ లేదు.

"నువ్వూ రా. ఆ మాట్లాడింది ఎవరని అడుగుతారుగా."